సముద్రపు ఒడ్డున జరిగిన మీటింగ్: అంగదుడు, జాంబవంతుడు నేర్పే టీమ్ పాఠం



ఈ వారం మన ఛానల్‌లో నాన్నగారు కిష్కింధకాండ చివరి ఘట్టం చెప్పారు. వీడియో ఎడిటింగ్ ఎప్పటిలాగే నాది. వారంలో అయిదు రోజులు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శని ఆదివారాలు ఛానల్ పని అని మీలో చాలామందికి తెలుసు. ప్రతి వీడియోకీ తోడుగా ఇక్కడ ఒక పాఠం రాస్తుంటాను. ఈసారిది కొంచెం పెద్దది. ఈ ఘట్టం ఎడిట్ చేస్తూ మూడుసార్లు వీడియో ఆపేసి కూర్చున్నాను. కథలో నాకు నేనే కనిపించాను. హనుమంతుడిగా కాదు లెండి, అందరూ భయపడే మనిషిగా.

ముందు నా తప్పు చెప్తాను

ఏడాదిన్నర క్రితం నన్ను టీమ్ లీడ్ చేశారు. ఏడుగురు సభ్యుల టీమ్. రోజూ ఉదయం పదిన్నరకి స్టాండప్ మీటింగ్. నిన్న ఏం చేశావు, ఈరోజు ఏం చేస్తావు, ఎక్కడైనా ఆగిపోయావా అని ఒక్కొక్కరూ చెప్పాలి. పావుగంట పని. ఆ పావుగంటలో నాకొక అలవాటు ఉండేది. ఎవరైనా ఆలస్యం అన్నారంటే, "ఇంత చిన్న పనికి ఇన్ని రోజులా?" అనేవాణ్ణి. అరిచేవాణ్ణి కాదు. నవ్వుతూనే అనేవాణ్ణి. అందుకే అది తప్పని నాకు తట్టలేదు.

టీమ్‌లో ఒక తమ్ముడు ఉన్నాడు. కాలేజీ నుంచి నేరుగా వచ్చాడు, ఇదే మొదటి ఉద్యోగం. పాత డేటాబేస్‌లోంచి కొత్తదానిలోకి డేటా మార్చే పని అతనికి ఇచ్చాను. రోజూ స్టాండప్‌లో "అయిపోవచ్చింది అన్నా" అనేవాడు. తొమ్మిది రోజులు అదే మాట విన్నాను. రిలీజ్ రాత్రి పదకొండు దాటాక తెలిసింది, సగం రికార్డులకి తేదీలు తప్పుగా పడుతున్నాయని. మూడో రోజు నుంచే అతనికి ఆ సంగతి తెలుసు. రాత్రంతా కూర్చుని రిలీజ్ వెనక్కి తీసుకున్నాం.

పొద్దున్న కాఫీ మెషీన్ దగ్గర అడిగాను, "ముందే ఎందుకు చెప్పలేదురా?" అని. తల దించుకుని అన్నాడు: "చెప్తే అందరి ముందు అడుగుతారని భయమేసింది అన్నా. ఎలాగైనా నేనే సరిచేసేద్దాం అనుకున్నా." కాసేపాగి ఇంకో మాట కూడా అన్నాడు. "నాకు ఈ లైన్ సరిపడదేమో. పేపర్స్ పెట్టేసి ఊరెళ్ళిపోదాం అనుకుంటున్నా."

ఆ వారమే ఈ ఘట్టం ఎడిటింగ్‌కి వచ్చింది.

గడువు దాటిన టీమ్

సీతమ్మను వెదకడానికి సుగ్రీవుడు నాలుగు దిక్కులకూ వానరసేనల్ని పంపాడు. తూర్పుకి వినతుడు, పడమరకి సుషేణుడు, ఉత్తరానికి శతబలి నాయకులు. దక్షిణానికి వెళ్ళిన దళానికి యువరాజు అంగదుడు ముందు నడిచాడు. హనుమంతుడు, జాంబవంతుడు ఆ దళంలోనే ఉన్నారు. గడువు ఒక నెల. నెల దాటి వస్తే మరణశిక్ష.

గడువు పెట్టడం సుగ్రీవుడి తప్పేమీ కాదు. అసలే అతను రాముడికిచ్చిన మాట ఆలస్యం చేసి, లక్ష్మణుడి కోపం చూసినవాడు. తొందర ఉండాల్సిందే. ఇక్కడ ఒకటి గమనించండి. మిగతా మూడు దళాలూ నెలలో తిరిగొచ్చి, సీతమ్మ జాడ దొరకలేదని చెప్పాయి. వాళ్ళనెవరూ చంపలేదు. ఖాళీ చేతులతో వచ్చి నిజం చెప్పినందుకు శిక్ష పడలేదు.

దక్షిణ దళం పరిస్థితి వేరు. వింధ్యపర్వతం అంతా గాలించి, ఆకలితో దాహంతో ఋక్షబిలం అనే గుహలోకి దూరారు. అక్కడ స్వయంప్రభ అనే తపస్విని వాళ్ళకి అన్నం, నీళ్ళు ఇచ్చి ఆదరించింది. గుహలో ఉండగానే గడువు దాటిపోయింది. బయటికొచ్చి పూసిన చెట్లు చూశాక ఆ సంగతి తెలిసింది.

అప్పుడు అంగదుడు అన్న మాటలు వినండి. సుగ్రీవుడు స్వభావంతోనే కఠినుడు, మనల్ని వదలడు, అక్కడికి వెళ్ళి చావడం కన్నా ఇక్కడే ప్రాయోపవేశం చేసి చనిపోదాం అన్నాడు. తారుడు అనే వానరుడు ఇంకో ఉపాయం చెప్పాడు. గుహలో తిండికి, నీళ్ళకి లోటు లేదు, అందరం మళ్ళీ లోపలికెళ్ళి అక్కడే ఉండిపోదాం అని.

నేను మొదటిసారి పాజ్ చేసింది ఇక్కడే. మహా బలవంతులు. ఏనుగుల్ని ఎత్తి పడేయగలవాళ్ళు. గడువు దాటిందని గుహలో దాక్కుందాం అనుకుంటున్నారు! మా తమ్ముడు తొమ్మిది రోజులు చెప్పిన "అయిపోవచ్చింది" కూడా అలాంటి గుహే. లోపల ఉన్నంతసేపు ఎవరూ ఏమీ అడగరు. ఇంట్లో పిల్లలు ప్రోగ్రెస్ కార్డు పుస్తకాల అడుగున దాచేదీ ఆ గుహలోనే.

అంగదుడి భయానికి వెనక ఒక చరిత్ర కూడా ఉంది. తండ్రి వాలి చనిపోయింది సుగ్రీవుడి కోసమే కదా. మరి ఆ సుగ్రీవుడే గడువు దాటితే చావే అంటే, అంగదుడి చెవికి అది బెదిరింపులా వినిపించదు. జరిగి తీరే విషయంలాగే వినిపిస్తుంది. మనం అనే మాటని ఎదుటివాళ్ళు ఒక్కటిగా వినరు. అంతకుముందు మనం అన్న మాటలన్నిటితో కలిపి వింటారు. "ఇంత చిన్న పనికి ఇన్ని రోజులా" అని నేను నెలలో పదిసార్లు అన్నాక, పదకొండోసారి అనక్కర్లేదు. మీటింగ్ మొదలవగానే వాళ్ళకది వినిపిస్తుంది.

భయపడకు అంటే భయం పోదు

హనుమంతుడు ఊరుకోలేదు. ఈ గుహ లక్ష్మణుడి బాణాల ముందు నిలవదన్నాడు. సుగ్రీవుడు ధర్మం తెలిసినవాడు, నీకు హాని చెయ్యడు, తిరిగి వెళ్దాం పద అని అంగదుడికి నచ్చజెప్పాడు. మాట నేర్పులో హనుమంతుణ్ణి మించినవారెవరు? మొదటిసారి కలిసినప్పుడే ఆ నేర్పుని రాముడు లక్ష్మణుడి దగ్గర మెచ్చుకున్నాడు. అలాంటి హనుమంతుడు చెప్పినా అంగదుడి భయం పోలేదు. సుగ్రీవుడి తప్పులన్నీ ఏకరువు పెట్టి, దర్భలు పరుచుకుని కూర్చున్నాడు.

ఇది నాకు చాలా పెద్ద పాఠం. మా ఆఫీసుల్లో మేనేజర్లు తరచూ అంటుంటారు, "ఏ సమస్య ఉన్నా నిర్భయంగా వచ్చి చెప్పండి" అని. నేనూ అన్నాను. చెప్పినవాడికి ఏం జరిగిందో చూసే మిగతావాళ్ళు నమ్ముతారు. మాటొక్కటే సరిపోదు.

మరి దారి ఎలా దొరికింది? వాళ్ళు కూర్చున్న చోటికి సంపాతి వచ్చాడు. ఇంతమంది ఆహారంగా దొరికారని సంతోషించాడు కూడా. అంగదుడు దుఃఖంతో తమ కథంతా పైకి చెప్పుకున్నాడు, సీతమ్మ కోసం ప్రాణాలిచ్చిన జటాయువు పేరు ఎత్తాడు. తమ్ముడి పేరు వినగానే సంపాతి మనసు మారిపోయింది. సీతమ్మ లంకలో ఉందని, సముద్రం నూరు యోజనాలు దాటాలని చెప్పాడు. నెలంతా అడవులు గాలించినా దొరకని సమాచారం, బాధని బయటికి చెప్పుకున్న రోజు దొరికింది. వాళ్ళు గుహలోనే ఉండిపోయి ఉంటే సంపాతికి ఆ మాట వినబడేదా?

ఒడ్డున జరిగిన సభ

ఇక అసలు ఘట్టం. అందరూ సముద్రం ఒడ్డుకి చేరారు. ఆ నీళ్ళు చూసి మళ్ళీ దిగులు పడ్డారు. అంగదుడు ధైర్యం చెప్పి, మర్నాడు ఉదయం సభ పెట్టాడు. మన భాషలో స్టాండప్ అనుకోండి.

మొదట అడిగాడు, ఈ నూరు యోజనాలు ఎవరు దాటగలరు అని. ఎవరూ మాట్లాడలేదు. మీటింగ్‌లో ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకి బాగా తెలుసు. కెమెరాలు ఆఫ్, మైకులు మ్యూట్.

అంగదుడు కోప్పడలేదు. ప్రశ్న మార్చాడు. మీరందరూ బలవంతులు, గొప్ప వంశాల్లో పుట్టినవాళ్ళు అని ముందు గౌరవించి, ఎవరెవరు ఎంత దూరం దూకగలరో విడివిడిగా చెప్పండి అన్నాడు. "ఇది ఎవరు చేస్తారు?" అనే ప్రశ్నకి, "నీ వల్ల ఎంతవరకు అవుతుంది?" అనే ప్రశ్నకి చాలా దూరం ఉంది. మొదటిదానికి జవాబు అవునా కాదా అనే. రెండోదానికి ప్రతి ఒక్కరి దగ్గరా ఏదో ఒక జవాబు ఉంటుంది.

అప్పుడు గజుడు లేచి పది యోజనాలు అన్నాడు. కావలసింది నూరు! గవాక్షుడు ఇరవై అన్నాడు. అలా పెరుగుతూ ద్వివిదుడు డెబ్బై దగ్గరికి వచ్చాడు. జాంబవంతుడు, వయసులో ఉన్నప్పుడు త్రివిక్రముడికి ప్రదక్షిణ చేసినవాడు, ఇప్పుడు ముసలితనం వచ్చింది, తొంభై వరకే అన్నాడు. చివరికి అంగదుడు తన సంగతి చెప్పాడు. నూరూ దూకగలను, తిరిగి రాగలనో లేదో ఖాయంగా చెప్పలేను అని.

రెండోసారి పాజ్ ఇక్కడ. గజుడు పది అన్నప్పుడు ఎవరైనా నవ్వినట్టు వాల్మీకి రాయలేదు. "పదేనా?" అని అంగదుడు అడిగినట్టూ లేదు. తరువాతివాడు తన లెక్క చెప్పాడు, అంతే. గజుడు సిగ్గుపడి ఎనభై అని ఉంటే? అతన్నే పంపి ఉంటే? సముద్రం మధ్యలో తెలిసేది అసలు సంగతి. మా రిలీజ్ రాత్రి తెలిసినట్టు.

నాయకుడు చెప్పిన మాట కూడా చూడండి. యువరాజు, అందరికీ పెద్ద, నిండు సభలో "తిరిగి రావడం నాకు అనుమానం" అన్నాడు. నేను ఏడాదిన్నరలో ఒక్కసారి కూడా టీమ్ ముందు "ఇది నాకు తెలియదు" అనలేదు. తెలియనివి చాలా ఉన్నాయి. రాత్రిళ్ళు ఇంటికొచ్చి ఎవరికీ తెలియకుండా వెదుక్కునేవాణ్ణి. లీడే దాచుకుంటుంటే జూనియర్ ఎందుకు బయటపెడతాడు?

ఈ విషయం మీద ఈ కాలంలో పెద్ద పరిశోధనే జరిగింది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ ఏమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రి బృందాల్లో మందుల పొరపాట్లని పరిశీలించారు. మంచి బృందాల్లో పొరపాట్లు తక్కువుంటాయని అనుకున్నారు. లెక్కల్లో ఎక్కువ కనిపించాయి! తరచి చూస్తే, ఆ బృందాల్లో వాళ్ళు పొరపాటు జరిగితే దాచకుండా చెప్తున్నారు. మిగతాచోట్ల దాస్తున్నారు. ఆ గుణాన్ని ఆవిడ 1999లో ఒక పరిశోధన పత్రంలో 'సైకలాజికల్ సేఫ్టీ' అనే పేరుతో వివరించారు. నోరు తెరిచి నిజం చెప్తే ఇక్కడ నాకు అవమానం జరగదు అనే నమ్మకం అన్నమాట. తరువాత గూగుల్ సంస్థ 2012లో 'ప్రాజెక్ట్ అరిస్టాటిల్' పేరుతో తమ దగ్గరున్న 180కి పైగా టీమ్‌లని పరిశీలించింది. బాగా పనిచేసే టీమ్‌లకి అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదేనని తేల్చింది. సముద్రపు ఒడ్డున గజుడికి ఉన్నది ఆ నమ్మకమే.

జాంబవంతుడి కోచింగ్

అంగదుడు నేనే వెళ్తానన్నట్టు మాట్లాడితే జాంబవంతుడు ఒప్పుకోలేదు. నువ్వు చెట్టుకి వేరు లాంటివాడివి, వేరుని కాపాడుకోవాలి, నువ్వు పంపాల్సినవాడివి అన్నాడు. లీడ్ అయ్యాక కూడా అన్ని పనులూ తానే చేసేద్దాం అనుకునే నాలాంటివాళ్ళకి ఇదొక చురక.

తరువాత ఒక పక్కన మౌనంగా కూర్చున్న హనుమంతుడి వైపు తిరిగాడు. ఋషుల శాపం వల్ల ఎవరో గుర్తు చేసేదాకా ఆయన బలం ఆయనకే తెలియదని ఉత్తరకాండ చెప్తుంది. జాంబవంతుడు ఏం చేశాడో జాగ్రత్తగా చూడండి. "నువ్వు చెయ్యగలవు, వెళ్ళు!" అని భుజం తట్టి వదిలెయ్యలేదు. అంజనాదేవికి, వాయుదేవుడి వరాన ఎలా పుట్టాడో చెప్పాడు. పసివాడిగా ఉండగా సూర్యుణ్ణి పండనుకుని ఆకాశంలోకి ఎగిరిన రోజు చెప్పాడు. ఇంద్రుడి వజ్రం దెబ్బకి దవడ విరగడం, ఆ తరువాత దేవతలు ఇచ్చిన వరాలు గుర్తు చేశాడు. అన్నీ జరిగినవే. ఒక్కటీ ఉత్త పొగడ్త కాదు.

కోచింగ్ అనే మాట ఈ రోజుల్లో చాలా వినిపిస్తోంది. ఆ రంగంలో పేరున్న జాన్ విట్‌మోర్ 1992లో రాసిన పుస్తకంలో చెప్పిన సారాంశం ఇదే: మనిషిలో ఉన్న శక్తిని బయటికి రానివ్వడం, నేర్పడం కన్నా నేర్చుకునేలా తోడుండడం. మన జాంబవంతుడు చేసింది అదే. ఎగరడం నేర్పలేదు. ఎగిరిన రోజుని గుర్తు చేశాడు.

ఇంకో చిన్న విషయం నా మనసులో ఉండిపోయింది. నువ్వు తిరిగొచ్చేదాకా మేమంతా ఒంటికాలి మీద నిలబడి ఉంటాం అని జాంబవంతుడు అన్నాడు. పని అప్పగించి ఎవరి దారిన వాళ్ళు పోలేదు.

మర్నాడు మా తమ్ముణ్ణి టీకి తీసుకెళ్ళాను. ముందు క్షమాపణ చెప్పాను. అది నోట్లోంచి రావడానికి చాలాసేపు పట్టింది. తరువాత అడిగాను, "మొన్న సంక్రాంతి ముందు పేమెంట్లు రెండుసార్లు కట్ అవుతున్నాయని ఎవరు పట్టుకున్నారు?" అని. వాడే. మేమందరం సర్వర్ మీద అనుమానపడుతుంటే వాడొక్కడే రెండు రోజులు లాగ్స్ చదివి, బటన్ రెండుసార్లు నొక్కితే ఏమవుతోందో కనిపెట్టాడు. ఆ రోజు నేను "గుడ్ జాబ్" అని ఒక మెసేజ్ పెట్టి మర్చిపోయాను. వాడూ మర్చిపోయాడు. గుర్తు చేస్తే ముఖంలో ఏదో మారింది.

మధువనంలో సుగ్రీవుడు

మూడో పాజ్ సుందరకాండలో. సీతమ్మని చూసి హనుమంతుడు తిరిగొచ్చాక, ఆ వానరులంతా సుగ్రీవుడికి ఎంతో ఇష్టమైన మధువనంలో పడి తేనె తాగి, చెట్లు విరిచి, కాపలా ఉన్న దధిముఖుణ్ణి కొట్టారు. ఆయన సుగ్రీవుడికి మేనమామ. ఏడుస్తూ వెళ్ళి ఫిర్యాదు చేశాడు. ఎవరికి భయపడి గుహలో దాక్కుందాం అనుకున్నారో ఆ సుగ్రీవుడు ఏం చేశాడు? పని సాధించకపోతే నా తోట జోలికి వచ్చే ధైర్యం వాళ్ళకి ఉండదు, సీతమ్మ కనిపించి ఉంటుంది అని ఆనందపడ్డాడు. జరిగిన నష్టం కన్నా ముందు దాని వెనకున్న కారణం చూశాడు.

అక్కడే అంగదుడు తన వాళ్ళతో అన్న మాట: నేను యువరాజునే అయినా, ఇంత పని చేసొచ్చిన మీకు ఆజ్ఞ వెయ్యడం తగదు, మీరు చెప్పినట్టే చేద్దాం అని. ఆ తరువాత యుద్ధకాండ మొదట్లో రాముడు, హనుమంతుడు చేసిన పనికి తగినది ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదని బాధపడి, కౌగిలించుకున్నాడు. అడవిలో ఉన్నవాడి దగ్గర బోనస్ ఏముంటుంది? ఏం చేశాడో అందరి ముందు చెప్పి హృదయానికి హత్తుకున్నాడు.

ఈ వారం సాధన

ఆఫీసు అయినా, దుకాణం అయినా, ఇల్లయినా, మీ మాట వినేవాళ్ళు ఒక్కరున్నా మీరు నాయకులే. ఈ వారం ఇవి ప్రయత్నించి చూడండి. నేను చేస్తున్నవే రాస్తున్నాను.

1. చెడు వార్త చెప్పినవాళ్ళతో మొదటి మాటగా "చెప్పినందుకు థాంక్స్" అనండి. ఎలా జరిగిందనేది తరువాత.

2. "ఎప్పటికి అవుతుంది?" అని అడిగే ముందు "ఎంతవరకు వచ్చింది, ఎక్కడ ఆగింది?" అని అడగండి.

3. వారంలో ఒక్కసారైనా మీకు తెలియనిది అందరి ముందు తెలియదని ఒప్పుకోండి.

4. తప్పు జరిగితే "ఎవరు చేశారు?" అనకుండా "మన పద్ధతిలో ఎక్కడ సందు ఉంది?" అని వెదకండి. మందలించాల్సి వస్తే విడిగా పిలిచి మాట్లాడండి.

5. ఒకరిని మెచ్చుకునేటప్పుడు వాళ్ళు చేసిన పనిని పేరు పెట్టి, ఎప్పుడు చేశారో సహా చెప్పండి.

ఒక అనుమానం రావచ్చు. ఇలా మెత్తగా ఉంటే పని ఎలా జరుగుతుంది అని. నూరు యోజనాల లక్ష్యాన్ని అంగదుడు ఒక్క యోజనం కూడా తగ్గించలేదండీ. ఎవరు ఎంత చెప్పినా లక్ష్యం అక్కడే ఉంది. దాన్ని అందుకునేవాణ్ణి సరిగ్గా ఎంచుకోగలిగారు, ఎందుకంటే అందరి అసలు లెక్కా వాళ్ళ చేతిలో ఉంది.

చివరిగా

ఇదంతా చేశాక మా టీమ్ రాత్రికి రాత్రి మారిపోలేదు. టీమ్‌లో ఒక అమ్మాయి గత నెల వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయింది. ఆఖరి రోజున చెప్పింది, స్టాండప్ ముందు రోజూ కడుపులో తిప్పేదని. నాకది ముందే తెలియాల్సింది. ఇప్పుడు తెలిసి ఆమెకి చెయ్యగలిగింది ఏమీ లేదు.

తమ్ముడు మాత్రం పేపర్స్ పెట్టలేదు. మొన్న బుధవారం స్టాండప్‌లో వాడి వంతు వచ్చింది. గొంతు సవరించుకుని, "అన్నా, నిన్నటి నుంచి ఆగిపోయా. ఇది నాకు రావట్లేదు. ఎవరైనా ఒక గంట కూర్చుంటారా?" అన్నాడు. తొమ్మిదో రోజు కాదు, రెండో రోజే.

ఎవరూ నవ్వలేదు. ఇద్దరు "నేను కూర్చుంటా" అన్నారు.

నాకు ఆ క్షణంలో సముద్రపు ఒడ్డు, పది యోజనాలు అని లేచిన గజుడు కనిపించారు. హనుమంతుడి గురించి ఎన్నో పాటలు, ఎన్నో గుళ్ళు ఉన్నాయి. గజుడికి ఒక్క గుడి ఉన్నట్టు నేను వినలేదు. ఈ ఒక్క పోస్ట్ మాత్రం ఆయనకి నమస్కారంగా రాశాను.

వచ్చే వారం సుందరకాండ ప్రారంభం. నాన్నగారి వీడియో ఎప్పటిలాగే శనివారం ఉదయం వస్తుంది. కుటుంబంతో కలిసి చూడండి.

జై శ్రీరామ్. జై హనుమాన్.